బాపు అద్దాల్లో లైటు

మా బాపు ఒక్క నోటితో మాట్లాడే మనిషి కాదు. నోరు ఒకటి అంటుండగానే కళ్ళు దాన్ని కొట్టేసేవి. "వీడు నా కడుపున చెడబుట్టిండు" అని నోరు అనేది. "ఇంకో రొట్టె తిను బిడ్డా" అని కళ్ళు అనేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు నోటిని మాత్రమే విని, "మీ బాపు గంత గరంగుంటడేందిరా? ఎట్ల ఏగుతాన్లురా మీరు?" అని నన్ను పక్కకు పిలిచి జాలిపడేవాళ్ళు. ఆ జాలికి నేనెప్పుడూ అడ్డుచెప్పలేదు. జాలిపడ్డవాళ్ళు పోతూ పోతూ బిస్కెట్ పుడ చేతిలో పెట్టేవాళ్ళు.

ఇదంతా మిల్లు పెట్టిన అలవాటు. బాపూ అవ్వా ఇద్దరూ బట్టల మిల్లులో పనిచేసినవాళ్ళే. బాపు మగ్గాల షెడ్డులో, అవ్వ పక్కనే కండెలు చుట్టేచోట. వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే అక్కడ అరిచి లాభం లేదు, అందుకని ఎవరూ అరవరు. గొంతు తియ్యకుండా పెదవులు ఆడిస్తారు. ఎదుటివాడు ఆ పెదవులు చూసి మాట అందుకుంటాడు. అన్నది కోపంగానా, నవ్వులాటకా అన్నది కళ్ళు చెబుతాయి. మగ్గాలు మొదలైతే గొంతు దానంతటదే లోపలికి పోతుంది, ఆగితే దానంతటదే బయటికి వస్తుంది. రెప్ప కొట్టుకోవడాన్ని ఎవరైనా గమనిస్తారా? ఇదీ అంతే.

మిల్లు మూతబడి ఆ షెడ్డు పోతూ పోతూ బాపు చెవులను కూడా తీసుకుపోయింది. మాట అర్థం కావాలంటే ఎదుటివాడి నోరు చూడాల్సిందే. దాని మీద కళ్ళకు పొరలొచ్చి ఆపరేషన్ అయింది, సోడాబుడ్డి అడుగు లాంటి అద్దాలొచ్చాయి. "అద్దాలు తీస్తే నాకు ఇనరాదు" అనేవాడు బాపు. విన్నవాళ్ళు నవ్వేవారు. ఆ మాటలో నవ్వులాట ఏమీ లేదు, ఉన్నమాటే. ఆ అద్దాల వెనక ఆయన కళ్ళు రెండింతలై కనబడేవి, దూడ కళ్ళలాగా. కళ్ళు అంత పెద్దవయ్యాక ఆయనకు అబద్ధంగా కోప్పడటం మరీ కష్టమైపోయింది.

నా సంగతంటారా, ఏడో తరగతిలోనే నాకూ బడికీ తెగింది. నేను మానేసిన రోజు మా పంతులు కొబ్బరికాయ కొట్టాడని మా వాడలో చెప్పుకునేవారు. చెప్పింది నేనే. డెబ్బైల చివర్లో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. ఊడవడం, నీళ్ళు తేవడం, ఆ తర్వాత ఫోటోలు కడగడం. ఎనభైల్లో వీడియో వచ్చింది. భుజం మీద కెమెరా, చంకలో టేపు తిరిగే డెక్కు, ముందర మనిషి కళ్ళు బైర్లు కమ్మే లైటు. పెళ్ళిళ్ళలో అయ్యగారి గుండు మీద, వంటవాళ్ళ గుండిగల మీద, పెద్దమనుషుల అద్దాల మీద నా లైటు మెరవని చోటు లేదు. అద్దాలున్నవాళ్ళతో "జర తల దించుండ్రి సార్, సిగ్గువడ్డట్టు" అనేవాణ్ణి. తల కాస్త దించితే మెరుపు కిందికి జారిపోతుంది. అద్దాల గురించి నాకున్న చదువంతా అదే.

ఆ ఏడు ఎండాకాలం బాపు గొంతు బొంగురుపోయింది. ముందు అల్లం నమిలాడు, తర్వాత తేనె నాకాడు, తర్వాత పట్నం దవాఖానకు పోయాడు. మెడకు ఒకపక్క గడ్డ. మాట పుట్టే డబ్బాను మొత్తంగా తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీస్తే మనిషి ఉంటాడు, మాట ఉండదు. వారంలో రమ్మన్నారు.

రేపు పొద్దున పట్నం బండి అనగా అవ్వ పొయ్యి ముందర కూర్చుని అంది: "నువ్వు ఊరందరి పెండ్లిళ్ళు తీత్తవు గదరా. మీ బాపు ముచ్చట్లు ఒక్కపారి తియ్యరాదురా. ఇగ మల్ల ఇనం గదా."

స్టూడియో సేటు కాళ్ళు పట్టుకున్నంత పని చేసి కెమెరా, డెక్కు, చిన్న టీవీ రిక్షాలో వేసుకుని కాశిబుగ్గలో మా ఇంటికి తెచ్చాను. "దీపాలు వెట్టేయాళ్ళకు నా దుకాన్ల ఉండాలె. హన్మకొండల పెండ్లి ఉన్నది" అన్నాడు సేటు. ఎట్లయినా తెస్తానన్నాను.

బాపు గడ్డం గీయించుకుని, తెల్లటి ధోతి కట్టి, కుర్చీలో మంత్రిలాగా కూర్చున్నాడు.

"ఒక్కన్ని మాట్లాడుమంటె నాకు రాదు. టీవీల పెద్దమనుషులను అడిగినట్టు అడుగు. ఇంటర్వ్యూ చెయ్యి" అన్నాడు. గొంతు గరగరమంటున్నా మాట స్పష్టంగానే ఉంది. అప్పుడు మధ్యాహ్నం తిండి వేళ. పక్కింట్లోని కరెంటు మగ్గాలు ఆగి ఉన్నాయి. అవ్వ బోరింగు దగ్గర నీళ్ళకు పోయింది. లైటు ఎదురుగా పెట్టి మొదలుపెట్టాను.

"అయ్యా, మీ పెండ్లి గురించి ప్రజలకు ఏమన్న చెప్పుండ్రి."

"ఏమున్నది? కండ్లు కనవడక చేసుకున్న. అద్దాలు తర్వాత వచ్చినయ్."

"మీ ఇంటామె వంట ఎట్లుంటది?"

"నూలుకు వెట్టే గంజి నయం."

"మళ్ళా పుడితే మళ్ళా ఆమెనే చేసుకుంటరా?"

"మళ్ళానా? మళ్ళా పుడితె రెండు షిఫ్టులు ఒక్కన్నే చేస్త గని, ఆ పని చెయ్య."

నేను నవ్వు ఆపుకోలేక కెమెరా ఊపేశాను. ఎందుకంటే నేను ఆయన ముఖం చూస్తున్నాను. "మళ్ళానా" అన్నప్పుడు ఆ దూడకళ్ళు బోరింగు దిక్కుకు, అవ్వ పోయిన దిక్కుకు తిరిగాయి. ఆ కళ్ళు ఏమంటున్నాయో చూసినవాళ్ళెవరికైనా మాట అక్కర్లేదు.

అవ్వ బిందె దించగానే టీవీ ముందు కూర్చోబెట్టి టేపు తిప్పాను. ఏదో ఘనకార్యం చేసినవాడిలాగా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

టీవీలో బాపుకు కళ్ళు లేవు.

కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి గుండ్రటి మంటలు. నా లైటు, అద్దానికొకటి. కెమెరాకున్న చూసుకునే అద్దం పోస్టు బిళ్ళంత ఉంటుంది, నవ్వులో పడి నేను అందులో సరిగ్గా చూడనేలేదు. ఇక్కడ టీవీలో ఎవరో ముసలాయన, లారీ దీపాల్లాంటి ముఖంతో, గరగర గొంతుతో ఒకదాని తర్వాత ఒకటి అంటున్నాడు. కండ్లు కనవడక చేసుకున్న. గంజి నయం. ఆ పని చెయ్య.

అవ్వ మొదటి మాటకు నవ్వబోయింది. రెండో మాటకు నవ్వు ఆగింది. మూడోదానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిదేనారా నా గురించి చెప్పింది? రేపు గొంతే పాయె. గీ మాటలేనా నాకు మిగిలేది?"

"నవ్వులాటకవ్వా! బాపు సంగతి నీకెర్క లేదా?"

"ఎర్కనే. ఎర్క లేదంటున్ననా? గని గీ టీవీల ఆయన కండ్లేవిరా? కండ్లు లేకపోతె గది తిట్టేగదరా!"

బాపు మా ఇద్దరి నోళ్ళనూ మార్చి మార్చి చూశాడు, సంగతి అర్థమైంది. "మల్ల తియ్యి" అన్నాడు. అన్నాక దగ్గు వచ్చింది. అది చాలాసేపటికి గానీ ఆగలేదు.

మళ్ళీ తియ్యడానికి లైటు వేశాను. వెలగలేదు. కరెంటు పోయింది.

కెమెరా బ్యాటరీ మీద నడుస్తుంది, లైటు నడవదు. సరే, ఎండ ఉంది కదా అని కుర్చీని కిటికీకి ఎదురుగా వేశాను. అద్దాల్లో మంటలు పోయి కిటికీ వచ్చింది. ఊచలతో సహా మొత్తం కిటికీ, దాని ముందర కెమెరా ఎత్తుకున్న నేను. మా బాపు కళ్ళలో నేను జైల్లో ఉన్నాను. వాకిట్లోకి తీసుకుపోయాను. ఈసారి ఆకాశం దిగింది. కళ్ళ చోట రెండు మబ్బుతునకలు.

"బాపూ, జర తల దించు. సిగ్గువడ్డట్టు" అన్నాను, పెళ్ళిళ్ళలో అనే మాటే.

దించబోయాడు. గడ్డ అడ్డం వచ్చింది. చుబుకం కాస్త కిందికి పోగానే ముఖం నల్లబడి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకొచ్చిన ఒక్క విద్యా అట్లా పోయింది.

"అద్దాలు తీద్దాం బాపూ, ఒక్కపారి" అని తీశాను. కళ్ళు చిన్నవైపోయాయి. ఎవరో వేరే మనిషి కళ్ళు. నేను అడిగింది ఆయనకు అందక గోడ దిక్కు చూసి మర్యాదగా నవ్వుతున్నాడు, గోడ ఏదో అడిగినట్టు.

"వద్దురా, పెట్టు, పెట్టు! పరాయోని లెక్క కనవడ్తాండు" అంది అవ్వ.

మా స్టూడియోలో అద్దాల్లేని ఉత్త ఫ్రేము ఒకటి గోడకు వేలాడుతుండేది. ఫోటో దిగేవాళ్ళకు అది పెట్టేవాళ్ళం, మెరుపు రాకుండా. బాపు ఫ్రేముకు కూడా మర ఊడదీసి బిళ్ళలు తీసేద్దామా అనుకున్నాను. తీసి ఏం లాభం? ఫోటోలో ఊరుకుంటే చాలు. ఇక్కడ మనిషి వినాలి, జవాబు చెప్పాలి. వినేది ఆ బిళ్ళలతోనే.

ఎండ గోడ ఎక్కుతోంది. సేటు చెప్పిన వేళ దగ్గరపడుతోంది. జోకు వెయ్యాలని చూశాను. నా బతుకులో మొదటిసారి ఒక్కటి కూడా తోచలేదు. బాపు మాత్రం ఓపిగ్గా, నేను ఏ మూలకు తిప్పితే ఆ మూలకు తిరిగి కూర్చుంటున్నాడు. మధ్యలో ఒకసారి నా ముఖం చూసి, "ఏందిరా, ఆపరేషన్ నాకా నీకా?" అన్నాడు. ఆ మాట కూడా టేపులో లేదు.

అద్దాల కాడలు ఒరుసుకుని బాపు చెవుల వెనక పుళ్ళు పడ్డాయి. అవ్వ అది చూసి ఇంత దూది తెచ్చి రెండు కాడల కిందా పెట్టింది. ఆమె దానికే పెట్టింది. నేను అప్పుడు ఊరికే, ఏం చెయ్యాలో తోచక కెమెరాలోంచి చూస్తున్నాను. అద్దాల్లో ఉన్న కిటికీ చప్పున కిందికి జారి సగమైంది. మనిషి తల దించలేదు. అద్దాలే తల దించాయి.

"అవ్వా, ఇంకింత! ఇంకింత దూది వెట్టు!"

"పుండుకు గింత చాలురా."

"పుండుకు కాదే, నాకు!"

కాడలు ఇంకొంచెం లేచాయి. కిటికీ పూర్తిగా జారిపోయింది. కానీ అప్పటికే ఎండ దిగి ఆ వెలుగు కెమెరాకు చాలదు, ఇక లైటే దిక్కని కిటికీ మూసేశాను. మంచం మీద స్టూలు, స్టూలు మీద లైటు ఎక్కించి, దాని ముఖం సున్నం వేసిన గోడ పైభాగానికి తిప్పాను. వెలుగు గోడకు తగిలి మెత్తగా కిందికి రావాలి. అవ్వను కెమెరా కిందనే పీట మీద కూర్చోమన్నాను. ప్రశ్నలు ఆమే అడుగుతుంది, బాపు ఆమెనే చూస్తూ చెబుతాడు. తెల్లటి దుప్పటి ఒకటి ఆమె ఒడిలో పరిచాను, ఆ తెలుపు ఆయన కళ్ళ కింది నీడను తీసేస్తుందని. అన్నీ అమర్చి కూర్చున్నాం. లేనిదల్లా కరెంటు.

ముగ్గురం చీకటి గదిలో ఆరిపోయిన లైటు దిక్కు చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపో చెప్పలేను. వాకిట్లో నీడలు అవతలి గోడకు పాకాయి. ఇక లేచి కెమెరా సర్దుకోవాల్సిందే అనుకుంటుండగా గోడంతా తెల్లగా వెలిగింది.

కెమెరాలోంచి చూశాను. కళ్ళున్నాయి! రెండు కళ్ళూ, రెప్పలతో, నల్లగుడ్లతో, దూడకళ్ళు. అద్దాల మీద ఒక్క మచ్చ లేదు.

"అడుగవ్వా, అడుగు, అడుగు!" అని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. కరెంటుతో పాటు పక్కింటి మగ్గాలన్నీ ఒక్కసారిగా లేచాయి. పొద్దంతా ఆగిన పని, వాళ్ళకూ తొందర ఉంటుంది. గోడ అదురుతోంది. నేను చేత్తో సైగ చేశాను. అవ్వ అడిగింది. బాపు చెప్పాడు. అవ్వ చెయ్యెత్తి కొట్టబోయినట్టు చేసింది. బాపు కళ్ళు మెరిశాయి. అది లైటు మెరుపు కాదు. ఆయన ఏదో పెద్ద కథే చెప్పాడు, చేతులు తిప్పుతూ. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చివర్లో ఆయన తల తిప్పి నేరుగా కెమెరాలోకి, నా దిక్కు చూసి ఒక చిన్న మాట అన్నాడు. అదే ఆఖరు. టేపు అయిపోయింది.

మైకు పట్టే మాటను చెవిలో పెట్టుకుని వినే తీగ ఒకటి ఆ కెమెరాకు ఉండాలి. మా స్టూడియోలో అది ఎప్పుడో తెగింది. మగ్గాల మోతలో నాకు ఏదీ వినబడటం లేదు. వినబడటం లేదు కాబట్టి మోత కింద గొంతు ఉందనే అనుకున్నాను. టేపు వెనక్కి తిప్పి చూసే సమయం లేదు. రిక్షా వచ్చి నిలబడింది. టీవీ, కెమెరా సర్దుకుని ఉరికాను. రిక్షాలో కూర్చుని, చాలా రోజుల తర్వాత, రిక్షా అన్నను కూడా నవ్వించాను.

మర్నాడు పొద్దున బండి ఎక్కాం.

బాపు మెడకు చిన్న రంధ్రంతో, దాని మీద పలచటి గుడ్డతో ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ కళ్ళు అట్లాగే ఉన్నాయి. కాస్త కుదుటపడ్డాక నేను సంబరంగా డెక్కు, టీవీ తెచ్చాను. ఆ మొదటిదాన్ని దాటించి, నా గొప్పతనం ఉన్నచోటు నుంచి పెట్టాను.

బాపు కనబడ్డాడు. కళ్ళు కనబడ్డాయి. పెదవులు ఆడాయి. మగ్గాలు దడదడ కొట్టుకున్నాయి. గొంతు లేదు.

సౌండు పెంచాను. మగ్గాలు పెరిగాయి. టీవీకి చెవి ఆనించాను. మోత సందుల్లో ఎక్కడైనా ఒక్క మాట ఉంటుందేమోనని వెతికాను. ఒక్క అక్షరం లేదు. ఆయన గొంతు తియ్యనే లేదు. అవ్వా తియ్యలేదు. మగ్గాలు మొదలయ్యాయి, ఇద్దరూ తమకు తెలియకుండానే షెడ్డులోకి పోయారు. ఆ గొంతు ఉన్న ఆఖరి సాయంత్రం ఇద్దరూ దాన్ని లోపలే పెట్టుకుని మాట్లాడుకున్నారు.

నా అవస్థ చూసి సంగతి బాపుకే ముందు తెలిసింది. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. తర్వాత భుజాలు ఊగాయి. ఆయన నవ్వుతున్నాడని మెడ మీది గుడ్డ ఎగరడం చూస్తే తెలిసింది. అవ్వ మాత్రం టీవీ మీంచి చూపు తియ్యలేదు. ఆయన పెదవులనే చూస్తూ, సరైనచోట నవ్వుతూ, సరైనచోట కళ్ళు తుడుచుకుంటూ మొత్తం వింది. ఆ గదిలో మిల్లు ముట్టని చెవులు నా ఒక్కడివే. ఏమీ వినబడనిదీ నా ఒక్కడికే.

ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్ళిద్దరికీ పెద్దగా ఇబ్బంది రాలేదు. పెదవులు ఆడించుకుని అట్లాగే పోట్లాడుకునేవారు. నేను మధ్యలో కూర్చుని "ఏమంటాండవ్వా? ఏమంటాండు?" అని అడుక్కునేవాణ్ణి. నేర్చుకుందామని చూశాను. నేను ఒక మాట పట్టేలోపు బాపు పది దాటిపోయేవాడు. కోప్పడకుండా మళ్ళీ చెప్పేవాడు. మళ్ళీ నాకు అందేది కాదు. బడిలో ఏ పాఠం రాకపోయినా నాకు ఏడుపు రాలేదు. ఇది రాకపోతే వచ్చేది.

రెండో వానాకాలం వెళ్ళేసరికి బాపు పోయాడు.

తర్వాత నాకొక పిచ్చి పట్టింది. మొదటిదాంట్లో గొంతుంది, కళ్ళు లేవు. రెండోదాంట్లో కళ్ళున్నాయి, గొంతు లేదు. రెండూ ఒకే టేపులో ఉన్నాయి. ఆ గొంతు తీసి ఈ బొమ్మ మీద వేస్తే? స్టూడియోలో పని లేనప్పుడల్లా రెండు డెక్కులు ముందేసుకుని కూర్చున్నాను. "ఏమున్నది?" అన్న మాటను పెదవులు తెరుచుకున్నచోట కూర్చోబెట్టేవాణ్ణి. అది తోసుకుపోయి ముక్కు గీక్కునేచోట పడేది. మళ్ళీ మొదటికి. చివరికి నా కంటికి బాగానే అనిపించింది. బాపు నన్ను చూస్తూ, కళ్ళతో నవ్వుతూ, "మళ్ళా పుడితె రెండు షిఫ్టులు ఒక్కన్నే చేస్త" అంటున్నాడు. ఒక్కడినే స్టూడియో తలుపు వేసుకుని ఏడ్చి, టేపు పట్టుకుని ఇంటికి పోయాను.

అవ్వ కొద్దిసేపు కూడా చూడలేకపోయింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

"బందువెట్టురా, బందువెట్టు! నోరొకటి అంటాంది, గొంతొకటి అంటాంది. మీ బాపును గట్ల చెయ్యకు."

నాకు పెదవులు చదవడం రాదు కాబట్టి కుదిరినట్టు కనబడింది. ఆమెకు ఆయన అక్కడ ఏమంటున్నాడో తెలుసు.

"మరి ఏం చెయ్యాల్నే?" అన్నాను. నిజంగానే అడిగాను.

ఆమె పాత టేపు పెట్టమంది. లేచి, దండెం మీది తువ్వాల తీసి టీవీ మీద కప్పింది, ఆ రెండు మంటలు కనబడకుండా. చీకటి తువ్వాల వెనక నుంచి గరగర గొంతు వచ్చింది. కండ్లు కనవడక చేసుకున్న. గంజి నయం. ఈసారి ఆమె నవ్వింది. మొదటిది అయిపోగానే తువ్వాల తీసింది. మగ్గాల మోతలో కళ్ళు కనబడ్డాయి. సౌండు తగ్గించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనియ్యి. గది ఉంటెనే ఆయన మాట్లాడినట్టుంటది."

అట్లాగే చూసేది, చూడాలనిపించినప్పుడల్లా. నేను డెక్కు తెచ్చేవాణ్ణి, ఆమె తువ్వాల కప్పేది, తీసేది. ఆయన ఆమెకు చెప్పిన పెద్ద కథ ఏమిటని అడిగితే "నీకెందుకురా, అది మా ఇద్దరిది" అనేది. సరే, అది వాళ్ళది. చివర్లో కెమెరాలోకి చూసి అన్న మాట మాత్రం నాది కదా. దాన్ని కూడా చాలాకాలం చెప్పలేదు. ఒకరోజు గట్టిగా పట్టుకున్నాను.

"నాకేమన్నడే అవ్వా? బువ్వ ముట్ట, చెప్పేదాంక."

ఆమె నా దిక్కు చూడలేదు. టీవీలోని పెదవులనే చూస్తూ, వాటితో పాటు మెల్లగా అంది:

"ఇగ లైటు ఆర్పు కొడుకా. కండ్లు మండుతానయ్."